థైరాయిడ్ ఉన్నవారు దీర్ఘకాలిక అలసట వ్యాధి నిర్ధారణ పొందడం ఎలా? నెల్లూరు, ప్రకాశం జిల్లాల వారికి అంచెలవారీ మార్గదర్శి

“టీఎస్‌హెచ్ నార్మల్ అని రిపోర్టు వచ్చింది, మాత్ర రోజూ వేసుకుంటున్నాను, అయినా ఈ నీరసం ఎందుకు వదలడం లేదు?” నెల్లూరు నుంచి, కావలి నుంచి, ఒంగోలు, కనిగిరి వైపు నుంచి నన్ను పదే పదే అడుగుతున్న ప్రశ్న ఇది (టీఎస్‌హెచ్ అంటే థైరాయిడ్ పనితీరును చూపే రక్తపరీక్ష). అడిగేవారిలో ఎక్కువమంది నాలాగే ఏళ్ళ తరబడి థైరాయిడ్ మాత్ర వేసుకుంటున్న ఆడవాళ్ళు. వీరిలో చాలామందికి కారణం మాత్ర వేసుకునే పద్ధతిలోనో, రక్తహీనతలోనో దొరుకుతుంది. కొందరికి మాత్రం ఎంఈ/సీఎఫ్ఎస్ అని పిలిచే దీర్ఘకాలిక అలసట వ్యాధి విడిగా ఉంటుంది, దానికి థైరాయిడ్ అన్న ఒక్క మాట అడ్డుగోడగా నిలుస్తుంది.

ఈ వ్యాధిని పట్టి చూపించే రక్తపరీక్ష ఏదీ ఇంతవరకు లేదు. కనుక థైరాయిడ్ నిలకడగా అదుపులో ఉందని కాగితం మీద చూపించడం, శ్రమ పడిన తరువాత మీ ఒంట్లో ఏం జరుగుతోందో తేదీలతో రాసి చూపించడం అన్న రెండు పనులూ మీ చేతిలోనే ఉన్నాయి. ఈ రెండూ లేకుండా డాక్టరు ముందు కూర్చుంటే, ఆయన ఎంత మంచివాడైనా మాత్ర డోసు మార్చి పంపించడం తప్ప చేయగలిగేది పెద్దగా ఉండదు.

1. డాక్టరు ఏ లక్షణాల కోసం చూస్తారో ముందుగా తెలుసుకోండి

అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ 2015లో ఇచ్చిన ప్రమాణాలను చాలామంది వైద్యులు అనుసరిస్తారు. వాటి ప్రకారం మూడు లక్షణాలు తప్పనిసరి.

- మునుపు చేసుకున్న పనులు చేయలేనంతగా శక్తి తగ్గి 6 నెలలు దాటి ఉండాలి. ఆ అలసట పుట్టుకతో వచ్చినదై ఉండకూడదు, విపరీతమైన పని వల్ల వచ్చినదై ఉండకూడదు, పడుకుంటే తీరేదీ కాకూడదు.
- శ్రమ పడిన తరువాత లక్షణాలు ముదరాలి. ఇది శరీర శ్రమకే పరిమితం కాదు, లెక్కలు చూసుకోవడం, ఎక్కువసేపు మాట్లాడడం వంటి పనుల తరువాత కూడా జరుగుతుంది.
- రాత్రంతా నిద్రపోయినా పొద్దున ఒళ్ళు తేలికపడకూడదు.

వీటితోపాటు తల మొద్దుబారి మాట, జ్ఞాపకం తడబడడం గానీ, నిలబడితే కళ్ళు తిరిగి పడుకుంటే తగ్గడం గానీ, ఈ రెండింటిలో కనీసం ఒకటి ఉండాలి. ఈ లక్షణాలు ఎప్పుడో ఒకసారి కాక, కనీసం సగం రోజులైనా, చెప్పుకోదగిన తీవ్రతతో ఉండాలి.

బ్రిటన్‌లోని నైస్ సంస్థ 2021 మార్గదర్శకాల ప్రకారం పెద్దవారిలో 3 నెలలకే నిర్ధారణ చేయవచ్చు. అందువల్ల ఆరు నెలలు నిండేదాకా ఇంట్లో కూర్చోవలసిన అవసరం లేదు, పరీక్షలు ముందే మొదలుపెట్టవచ్చు.

మనకు అన్నిటికన్నా ముఖ్యమైన విషయం ఈ వ్యాధికి అంతకుముందే, 1994లో వచ్చిన ప్రమాణాల్లోనే ఉంది. చికిత్స లేని హైపోథైరాయిడిజం (థైరాయిడ్ గ్రంథి తక్కువగా పనిచేయడం) ఉంటే ఈ వ్యాధి నిర్ధారణ చేయకూడదు. అయితే హార్మోను మాత్ర సరిపోతోందని టీఎస్‌హెచ్ ద్వారా రుజువైతే థైరాయిడ్ ఉండడం అడ్డు కాదు. “నీకు థైరాయిడ్ ఉంది కదమ్మా, నీరసం అందుకే” అని ఎవరైనా అక్కడితో ఆపేస్తే, మర్యాదగా గుర్తు చేయవలసిన విషయం ఇదే.

2. థైరాయిడ్ లెక్కను తేల్చుకోండి

తొందరపడి దాటవేయకూడని అంచె ఇది. దీనికి రెండు మూడు నెలలు పడుతుంది.

2.1 మాత్ర వేసుకునే పద్ధతి

లీవోథైరాక్సిన్ అనే థైరాయిడ్ మాత్రను పొద్దున్నే పరగడుపున మంచినీళ్ళతో వేసుకుని, కాఫీకి గానీ టిఫినుకు గానీ కనీసం అరగంట, వీలైతే గంట ఆగాలి. కాల్షియం, ఐరన్ మాత్రలకు 4 గంటల ఎడం ఉండాలి. గ్యాస్ కోసం రోజూ వేసుకునే పాంటాప్రజోల్ వంటి మాత్రలు కూడా దీన్ని ఒంటికి సరిగా పట్టనివ్వకపోవచ్చు.

నేను ఏడాదిపాటు చేసిన పొరపాటు చెబుతాను. పొద్దున మరచిపోకుండా ఉండాలని థైరాయిడ్ మాత్ర, కాల్షియం మాత్ర ఒకే చిన్న స్టీలు గిన్నెలో రాత్రే పెట్టుకుని, లేవగానే రెండూ కలిపి మింగి, ఆ వెంటనే ఫిల్టర్ కాఫీ తాగేదాన్ని. టీఎస్‌హెచ్ తగ్గకపోతుంటే డోసు పెంచుతూ పోయారు, గిన్నెలో ఏముందని ఎవరూ అడగలేదు, చెప్పాలని నాకూ తెలియలేదు. కాల్షియాన్ని రాత్రి భోజనం తరువాతకు మార్చాక డోసు తిరిగి తగ్గించవలసి వచ్చింది.

మన ఎండల సంగతి కూడా పట్టించుకోవాలి. రోహిణి కార్తెలో కిటికీ గూట్లోనో, పొయ్యి పక్క అలమరలోనో ఉంచిన మాత్రలు వేడికి, తేమకు బలం తగ్గిపోతాయి. సీసాలో వచ్చినవాటిని అదే సీసాలో, మూత గట్టిగా బిగించి, ఇంట్లో చల్లగా ఉండే గదిలో పెట్టండి.

2.2 రక్తం ఇచ్చే పద్ధతి

- డోసు మార్చినా, కంపెనీ మార్చినా 6 నుంచి 8 వారాలు ఆగిన తరువాతే టీఎస్‌హెచ్ చేయించండి. ఈ హార్మోను ఒంట్లో సగానికి తగ్గడానికే సుమారు వారం పడుతుంది కాబట్టి, రెండు వారాలకే చేయించిన రిపోర్టు మిమ్మల్ని తప్పుదారి పట్టిస్తుంది.
- ప్రతిసారీ ఒకే ల్యాబులో, పొద్దున ఒకే వేళకు, ఆ రోజు మాత్ర వేసుకోకముందు రక్తం ఇవ్వండి. మాత్రను వెంట తీసుకువెళ్ళి, రక్తం ఇచ్చాక వేసుకోవచ్చు.
- జుట్టు రాలుతోందని బయోటిన్ అనే విటమిన్ ఉన్న మాత్రలు వాడుతుంటే, డాక్టరుకు చెప్పి పరీక్షకు కనీసం 2 రోజుల ముందు ఆపండి. బయోటిన్ వల్ల కొన్ని యంత్రాల్లో టీఎస్‌హెచ్ తక్కువగా, టీ4 అనే థైరాయిడ్ హార్మోను ఎక్కువగా తప్పుడు లెక్క వస్తుంది. థైరాయిడ్ ఉన్నవారిలో జుట్టు రాలడం మామూలే కనుక ఈ పొరపాటుకు అవకాశం ఎక్కువ.
- టీఎస్‌హెచ్‌తోపాటు ఫ్రీ టీ4 కూడా చేయించండి. శరీరం తన గ్రంథి మీద తానే దాడి చేసుకుంటోందా అని చూసే యాంటీ టీపీఓ పరీక్ష ఒక్కసారి చేయిస్తే చాలు, దాన్ని ప్రతి నెలా చేయించడం డబ్బు దండగ.

చాలా ల్యాబుల్లో టీఎస్‌హెచ్ మామూలు పరిధి సుమారు 0.4 నుంచి 4 వరకు ఉంటుంది. కనీసం రెండు నెలల ఎడంతో తీసిన రెండు రిపోర్టులు వరుసగా ఈ పరిధిలో ఉండి, ఆ మధ్యకాలంలో మీ నీరసం ఏమాత్రం తగ్గకపోతే, మొదటి రుజువు మీ చేతికి వచ్చినట్టే. టీఎస్‌హెచ్ 0.1 కన్నా తక్కువగా ఉంటే మాత్రం డోసు ఎక్కువైందేమో చూడాలి, ఎందుకంటే డోసు ఎక్కువైనా గుండె దడ, నిద్రలేమి, అలసట వస్తాయి.

3. “నీరసం” అన్న మాటను పక్కన పెట్టి నోటుబుక్కు తెరవండి

మన వైపు జ్వరం తగ్గిన మర్నాడు ఉండేది నీరసమే, ఉపవాసం ఉంటే వచ్చేది నీరసమే, మనసు బాగాలేకపోయినా నీరసమే. అంతమంది నోట అన్ని అర్థాల్లో వినే మాటకు డాక్టరు చెవిలో బరువు ఉండదు. ఈ వ్యాధిని మిగతావాటి నుంచి వేరు చేసేది శ్రమ తరువాత పడిపోవడం, అంటే లక్షణాలు ముదిరి మంచాన పడడం. అది చాలాసార్లు అప్పటికప్పుడు రాదు, 12 నుంచి 48 గంటల తరువాత వచ్చి రోజులు, ఒక్కోసారి వారాలు ఉంటుంది. అందుకే కారణానికీ ఫలితానికీ ఉన్న లింకు రాసుకుంటే తప్ప మనకే తెలియదు.

నాకు అది తెలిసివచ్చింది రొట్టెల పండుగ మూలంగా. బారాషహీద్ దర్గాకు వెళ్ళి, స్వర్ణాల చెరువు దగ్గర జనంలో రెండు గంటలు నిలబడి, ఇంటికి వచ్చి వంట కూడా చేశాను. మర్నాడు బాగానే ఉన్నాను. మూడో రోజు పొద్దున దువ్వెన పట్టుకుని చెయ్యి తల దాకా ఎత్తితే జడ సగంలో ఉండగానే చెయ్యి వాలిపోయింది. గొంతు నొప్పి, ఒళ్ళంతా పచ్చిపుండు, ఎదుటివారు చెప్పే మాట అర్థం కావడానికి రెండు క్షణాలు ఆలస్యం. వైరల్ జ్వరం అనుకున్నాను. తేదీలు రాయడం మొదలుపెట్టిన తరువాతే, ఆ “వైరల్ జ్వరాలు” అన్నీ ఏదో ఒక పెద్ద పని చేసిన రెండో రోజుకో మూడో రోజుకో వస్తున్నాయని కనిపించింది.

నోటుబుక్కులో రోజుకు నాలుగు గీతలు చాలు, ఆరు వారాలు రాయండి.

- ఆ రోజు చేసిన పెద్ద పని, పట్టిన సమయం. ఉదాహరణకు “మేడ మీద బట్టలు ఆరేశాను, 20 నిమిషాలు”.
- ఒంట్లో ఓపిక 10కి ఎంత.
- రాత్రి ఎన్ని గంటలు పడుకున్నారు, లేచేసరికి ఎలా ఉంది.
- చేయాలనుకుని చేయలేక వదిలేసిన పని.

నాలుగో గీత చాలా విలువైనది. “ఇదివరకు బస్టాండు నుంచి ఇంటికి నడిచేదాన్ని, ఇప్పుడు ఆటో, ఆటో దిగాక అరగంట పడుకోవాలి” అన్న ఒక్క వాక్యంతో డాక్టరుకు మీ పరిస్థితి తెలుస్తుంది. అలాగని రుజువు కోసం కావాలని శ్రమపడి పడిపోవద్దు. మామూలు జీవితమే కావలసినంత చూపిస్తుంది.

4. పరీక్షలకు ముందు సూదులు, సెలైన్లు ఆపండి

నీరసం అనగానే దగ్గరలోని ఆర్ఎంపీ దగ్గర సెలైన్ పెట్టించుకోవడం, బలం సూది వేయించుకోవడం మన పల్లెల్లో అలవాటు. దీని వల్ల కలిగే ఉపశమనం ఒకటి రెండు రోజులది, పరీక్షలకు కలిగే చేటు నెలలది.

బలం సూదిలో తరచు బీ12 ఉంటుంది. అది వేయించుకున్నాక రక్తంలో బీ12 నిండుగా కనబడుతుంది, నిజంగా లోటు ఉండేదో లేదో తెలియకుండా పోతుంది. ఇంకా ప్రమాదకరమైనవి ఒళ్ళు నొప్పులకని పేరు చెప్పకుండా ఇచ్చే స్టెరాయిడ్ సూదులు, చిన్న తెల్ల మాత్రలు. ఇవి వాడిన రోజు ఒళ్ళు తేలికగా అనిపిస్తుంది. కానీ అవి టీఎస్‌హెచ్‌ను తగ్గించి చూపిస్తాయి, ఎక్కువ కాలం వాడితే మూత్రపిండాల పైన ఉండే అడ్రినల్ గ్రంథిని నిద్రపుచ్చి, ఆపినప్పుడు కొత్త నీరసాన్ని తెచ్చిపెడతాయి.

మీరు తీసుకున్న మందు పేరు అడిగి రాసుకోండి, పేరు చెప్పకపోతే ఖాళీ సీసానో, మాత్రల అట్టనో తెచ్చుకోండి. వారాల తరబడి స్టెరాయిడ్ వాడినవారు దాన్ని ఒక్కసారిగా ఆపకూడదు, డాక్టరు చెప్పిన పద్ధతిలోనే తగ్గించాలి.

5. ఇతర కారణాలను తోసిపుచ్చే పరీక్షలు

వీటిలో ఎక్కువభాగం ఒకే రోజు ఇచ్చిన రక్తంతో అయిపోతాయి. జాబితాను డాక్టరుకు చూపించి, అవసరమైనవి ఆయన చేతే రాయించుకోండి.

- రక్తకణాల సంపూర్ణ పరీక్ష, ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ)
- బీ12, విటమిన్ డీ
- హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ లెక్క)
- క్రియాటినిన్, సోడియం, పొటాషియం, కాల్షియం, కాలేయ పరీక్షలు
- ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ (ఒంట్లో వాపు ఉందేమో చూపేవి)
- కండరాలకు సంబంధించిన సీపీకే
- గోధుమ పడని సీలియాక్ వ్యాధి పరీక్ష
- పొద్దున 8 గంటల వేళ కార్టిసాల్ (అడ్రినల్ గ్రంథి హార్మోను)
- మూత్ర పరీక్ష

హిమోగ్లోబిన్ 12 దాటి ఉన్నా ఫెరిటిన్ అడుగంటి ఉండవచ్చు, కనుక “రక్తం బాగానే ఉంది” అన్న మాటతో తృప్తిపడకండి. యాంటీ టీపీఓ ఎక్కువగా ఉన్నవారికి, అంటే శరీరం తన గ్రంథి మీద తానే దాడి చేసుకునే రకం థైరాయిడ్ ఉన్నవారికి, బీ12 లోపం, సీలియాక్, అడ్రినల్ లోపం వంటివి తోడయ్యే అవకాశం ఇతరులకన్నా ఎక్కువ. ఒళ్ళు నల్లబడడం, బీపీ తక్కువగా ఉండడం, ఉప్పు తినాలనిపించడం కనిపిస్తే కార్టిసాల్ పరీక్ష వాయిదా వేయకండి.

కనిగిరి, ఆ చుట్టుపక్కల మండలాల వారు తాము తాగే నీటి సంగతి డాక్టరుకు తప్పకుండా చెప్పాలి. బోరు నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువగా ఉన్న ప్రాంతం అది. ఫ్లోరోసిస్ వల్ల వచ్చే కీళ్ళ నొప్పి, నడుము బిగుసుకుపోవడం పైకి ఈ వ్యాధిలా కనిపించవచ్చు. డెంగీ, చికున్‌గున్యా, కోవిడ్ వంటి జ్వరం తరువాత నీరసం మొదలై ఉంటే ఆ జ్వరం నెల, సంవత్సరం రాయండి, ఎందుకంటే చాలామందిలో ఈ వ్యాధి అలాంటి జ్వరం తరువాతే మొదలవుతుంది.

బరువు తగ్గడం, సాయంత్రం జ్వరం, రాత్రి చెమటలు, రెండు వారాలు దాటిన దగ్గు, మెడలో గడ్డలు, మలంలో రక్తం, నడిస్తే ఛాతీలో నొప్పి లేదా ఆయాసం ఉంటే ఈ వరుస అంతా ఆపి వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి. క్షయ, గుండె జబ్బు వంటివాటిని ముందు చూడాలి.

6. నిలబడి చేసే పరీక్ష

నిలబడితే కళ్ళు తిరిగే లక్షణాన్ని లెక్కల్లో చూపే పరీక్ష ఇది. ఖర్చులేనిది, బీపీ మిషన్ ఉంటే చాలు. డాక్టరు దగ్గర చేయించుకోవడం మంచిది. ఇంట్లో చేస్తే పక్కన ఒకరు తప్పనిసరిగా ఉండాలి.

- పొద్దున పూట, కడుపు నిండా తినకముందు, 10 నిమిషాలు కదలకుండా పడుకుని బీపీ, నాడి రాసుకోండి.
- లేచి, మడమలు గోడకు జానెడు దూరంలో ఉంచి, వీపు పైభాగాన్ని గోడకు ఆనించి నిలబడండి.
- నిమిషానికోసారి బీపీ, నాడి 10 నిమిషాలు రాయించండి. మాట్లాడవద్దు, కాళ్ళు కదపవద్దు.
- కళ్ళు చీకట్లు కమ్మితే వెంటనే పడుకోండి. ఎన్నో నిమిషంలో ఆపారో రాయండి, అదీ ఫలితమే.

పెద్దవారిలో నాడి నిమిషానికి 30 లేదా అంతకన్నా ఎక్కువ పెరిగి అలాగే నిలిచినా, పై బీపీ 20 గానీ కింది బీపీ 10 గానీ తగ్గినా డాక్టరుకు చూపించాలి. థైరాయిడ్ డోసు ఎక్కువైనా, రక్తహీనత ఉన్నా, ఎండకు ఒంట్లో నీరు తగ్గినా నాడి ఇలాగే పరుగెత్తుతుంది. అందుకే ఈ పరీక్షను 2, 5 అంచెల తరువాత పెట్టాను. మే నెలలో కిక్కిరిసిన బస్సు దిగి వచ్చి చేసిన పరీక్షకు విలువ లేదు.

7. నిద్ర, మనసు

గట్టిగా గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగినట్టు ఉంటుందని ఇంట్లోవారు చెబితే నిద్ర పరీక్ష చేయించాలి. థైరాయిడ్ వల్ల బరువు పెరిగినవారిలో ఇది తరచు కనిపిస్తుంది.

దిగులు జబ్బు (డిప్రెషన్) గురించి డాక్టరు అడిగితే చిన్నబుచ్చుకోకండి, అడగడం ఆయన బాధ్యత. దిగులులో సాధారణంగా ఏ పని మీదా ఆసక్తి ఉండదు. ఈ వ్యాధిలో చేయాలన్న కోరిక ఉంటుంది, చేస్తే ఒళ్ళు కూలుతుంది. ఆ తేడాను మీ మాటల్లో చెప్పండి. రెండూ కలిసి ఉండడం కూడా సాధ్యమే, అలా ఉంటే రెండింటికీ వైద్యం కావాలి.

8. ఎవరి దగ్గరికి వెళ్ళాలి, ఏం చెప్పాలి

ముందుగా జనరల్ మెడిసిన్ ఎండీ దగ్గరికి వెళ్ళండి. నెల్లూరు, ఒంగోలు ప్రభుత్వ వైద్య కళాశాలల ఆసుపత్రుల్లో ఈ విభాగానికి ఓపీ ఉంటుంది, నెల్లూరు పొగతోటలో ప్రైవేటు డాక్టర్లు ఎందరో ఉన్నారు. థైరాయిడ్ లెక్క తేలకపోతే హార్మోన్ల నిపుణుడైన ఎండోక్రైనాలజిస్టు అవసరం, తిరుపతి స్విమ్స్‌లో ఆ విభాగం ఉంది. వెల్లూరు, చెన్నై ప్రయాణాలు మొదటి అంచెగా పెట్టుకోకండి, ఆ ప్రయాణపు అలసటే మిమ్మల్ని వారం పడుకోబెడుతుంది.

ఓపీలో మీకు దొరికేది ఐదు నిమిషాలు. ఫైలు మొత్తం ఆయన ముందు పోయకుండా ఒక్క పేజీ ఇవ్వండి. అందులో నీరసం మొదలైన నెల, థైరాయిడ్ మందు డోసు, చివరి రెండు టీఎస్‌హెచ్‌లు తేదీలతో, డైరీ నుంచి మూడు ఉదాహరణలు, వాడుతున్న మందులన్నీ ఉండాలి. ఆపై ఇలా మొదలుపెట్టండి:

“డాక్టరు గారూ, నాకు థైరాయిడ్ ఉంది, నాలుగు నెలలుగా టీఎస్‌హెచ్ నార్మల్‌లోనే ఉంది. కానీ ఏ పని చేసినా రెండో రోజు మంచం పడుతున్నాను, నిద్రపోయినా తీరడం లేదు. తేదీలు ఇందులో రాశాను. ఇది ఎంఈ/సీఎఫ్ఎస్ అయ్యే అవకాశం ఉందేమో ఒకసారి చూస్తారా?”

జబ్బు పేరును నిర్ణయంలా కాక ప్రశ్నలా పెట్టడం ముఖ్యం. ఇంట్లోవారిని ఒకరిని వెంట తీసుకువెళ్ళండి. “థైరాయిడ్ అందరికీ ఉంటుంది, మా కాలంలో ఇవన్నీ చూసుకున్నామా” అనే అత్తయ్య గారినే తీసుకువెళ్ళగలిగితే మరీ మంచిది, మీరు పడుకున్న రోజులను కళ్ళారా చూసిన మనిషి ఆమే.

9. తరచు జరిగే పొరపాట్లు, దిద్దుకునే దారి

*బాగున్న రోజే డాక్టరు దగ్గరికి వెళ్ళడం.* ఓపిక ఉన్న రోజే కదా బయలుదేరగలం, అందుకే డాక్టరుకు మనం ఆరోగ్యంగా కనిపిస్తాం. పడిపోయిన రోజున మీరు ఎలా ఉంటారో డైరీలో ఉండాలి.

*సొంతంగా డోసు పెంచుకోవడం.* ఓపిక వస్తుందేమోనని ఒక మాత్ర ఎక్కువ వేసుకుంటే గుండెకూ ఎముకలకూ చేటు, పైగా మీ టీఎస్‌హెచ్ రుజువు చెడిపోతుంది.

*ప్రతి డాక్టరు దగ్గరా మొదటి నుంచి మొదలుపెట్టడం.* పాత రిపోర్టులను తేదీల వరుసలో ఒకే ఫైలులో పెట్టండి. ల్యాబు కాగితాల సిరా కాలం గడిచేకొద్దీ వెలిసిపోవచ్చు, ఫోనులో ఫోటో తీసి ఉంచండి.

*“వాకింగ్ చేస్తే పోతుంది” అన్న సలహాను గుడ్డిగా పాటించడం.* థైరాయిడ్‌కు నడక మంచిదే. శ్రమ తరువాత పడిపోయే లక్షణం ఉన్నవారికి మాత్రం రోజూ కొంచెం కొంచెం పెంచుకుంటూ పోయే వ్యాయామ పద్ధతిని ఇవ్వవద్దని 2021 నైస్ మార్గదర్శకాలు చెబుతున్నాయి.

10. నిర్ధారణ చేతికి వచ్చాక

జబ్బు పేరును చీటీ మీద రాయించుకోండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐసీడీ-10 వర్గీకరణలో ఇది జీ93.3 కింద, నాడీ వ్యవస్థ జబ్బుల్లో ఉంది. ఉద్యోగంలో సెలవు అడగడానికైనా, మరో డాక్టరుకు చూపించడానికైనా ఆ చీటీ పనికి వస్తుంది.

దీన్ని పూర్తిగా నయం చేసే మందు ఇప్పటికి లేదు. నిద్రకు, నొప్పికి, నిలబడితే కళ్ళు తిరగడానికి విడివిడిగా వైద్యం ఉంది. వీటన్నిటికన్నా ముఖ్యం, ఉన్న ఓపికలోనే పనిని ముక్కలు చేసుకుని, అలసట రాకముందే ఆగడం. వంట కూర్చుని చేయడం, బట్టలు ఉతకడం ఒక రోజు, మడతపెట్టడం మరో రోజు, బాగున్న రోజున మిగిలిన పనులన్నీ లాగించకుండా ఉండడం ఇందులోకి వస్తాయి.

థైరాయిడ్ పరీక్షను మాత్రం వదలకూడదు. నిలకడగా ఉన్నవారు 6 నుంచి 12 నెలలకోసారి టీఎస్‌హెచ్ చేయించుకోవాలి. నీరసం తీరు మారినా, కొత్తగా చలి, మలబద్ధకం, ముఖం ఉబ్బడం మొదలైనా గడువు కోసం చూడకుండా 2వ అంచె నుంచి మళ్ళీ మొదలుపెట్టండి. గర్భం దాల్చినట్టు తెలిసిన వెంటనే డాక్టరును కలవండి, అప్పుడు మాత్ర అవసరం సాధారణంగా పెరుగుతుంది.